పదునెనిమిదవ ఆట

1956వ సంవత్సరంలో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో కంచు పతకం కొరకు జరిగిన ఫుట్‌బాల్ పోటీలో భారత జట్టును మూడు గోలులతో ఓడించిన దేశం బల్గేరియా. ఆనాటి మన జట్టును తీర్చిదిద్దినవారు హైదరాబాదు వాస్తవ్యులైన సయ్యద్ అబ్దుల్ రహీం గారు. కనుక ఆ దేశం పేరు మన పెద్దలకు బొత్తిగా కొత్తది కాదు.

చిత్రమేమంటే, ఒలింపిక్ పతకం గెలిచిన ఆ దేశానికి ప్రపంచకప్పు చాలకాలం కలిసిరాలేదు. 1962 మొదలు 1986 వరకు అయిదు పర్యాయాలు ప్రవేశించి, 16 ఆటలాడి, ఒక్కటైనా గెలువలేదు. పదింట ఓటమి, ఆరింట సరిసమానం. ఈ చేదులో సగానికి పైగా పంచుకొన్నవాడు దిమితర్ పెనెవ్.

ఈయన 1945లో సోఫియా నగర సమీపాన మిరోవ్యానె గ్రామంలో జన్మించినాడు. 1964లో సైనిక సంఘమైన సి.ఎస్.కె.ఎ. జట్టులో చేరి పదమూడేండ్లు రక్షణ పంక్తి నడుమ నిలిచి ఆడినాడు. ఆ సంఘం ఆ కాలంలో ఏడుసార్లు దేశవిజేత అయినది. వరుసగా మూడేండ్లు ఐరోపా కప్పు గెలిచిన ఆయాక్స్ జట్టును 1973లో సోఫియాలో మట్టి కరపించినది కూడ ఆ సంఘమే. దేశం పక్షాన పెనెవ్ 90 ఆటలాడినాడు.

కాని ప్రపంచకప్పు మాట వేరు. 1966, 1970, 1974 - మూడు పర్యాయాలు వెళ్ళినాడు. ఆ మూడింట బల్గేరియా ఆడిన ఆటలు తొమ్మిది. ఓడినవి ఆరు, గెలిచినది సున్న. వీటిలో 1970 నాటి పెరూ ఆట అన్నిటికంటె బాధాకరం. పెరూలో ఘోర భూకంపం వచ్చి రెండు దినములే అయినది. దుఃఖంలో మునిగిన ఆ జట్టుపై బల్గేరియా రెండు గోలులు ముందుగా చేసి కూడ, చివరకు 3-2తో ఓడిపోయినది. చేతికందిన విజయం జారిపోవడం కనులార చూచిన రక్షకుని మనస్సులో ఏమి మిగులుతుందో ఊహించవచ్చును.

ఆట మానిన పిదప పెనెవ్ శిక్షకుడైనాడు. స్టోయిచ్కోవ్, కొస్టాడినోవ్ మొదలైన యువకులు సి.ఎస్.కె.ఎ.లో ఆయన చేతిక్రింద పెరిగినవారే. 1991లో జాతీయ జట్టు ఆయనకు అప్పగింపబడినది. 1993 నవంబరు 17న పారిస్ నగరంలో ఫ్రాన్సుకు సరిసమానమైనా చాలును. బల్గేరియా గెలిచి తీరవలె. ఆట ముగియబోవు నిమిషంలో పెనెవ్ సోదరుని కుమారుడు లుబొస్లావ్ బంతిని ముందుకు పంపగా, కొస్టాడినోవ్ గోలు చేసినాడు. విధి విలాసమేమో గాని, దారి తెరచిన ఆ లుబొస్లావ్ మరుసటి యేడు క్యాన్సరు వ్యాధి పాలై అమెరికాకు పోలేకపోయినాడు.

1994లో అక్కడ తొలి ఆటలోనే నైజీరియా చేత 3-0తో భంగపాటు. అది పదునేడవ ఆట! పాత కథే గదా అని అనుకోనివారు ఎవరు? జూన్ 26న షికాగోలో పదునెనిమిదవ ఆట జరిగినది. గ్రీసుపై 4-0. ముప్పదిరెండేండ్ల నిరీక్షణ ముగిసినది. తరువాత అర్జెంటీనాపై 2-0. మెక్సికోతో సమానమై, పెనాల్టీలతో గెలుపు. జూలై 10న నాటి ప్రపంచవిజేత జర్మనీ ముందుగా గోలు చేసినది. 75వ నిమిషంలో స్టోయిచ్కోవ్ ఫ్రీకిక్కుతో సమం చేసినాడు. మరి మూడు నిమిషాలకు లెచ్కోవ్ తలతో కొట్టి గెలిపించినాడు. సెమీఫైనలులో ఇటలీ 2-1తో ఆపినది. మూడవ స్థానం స్వీడనుకు పోయి, బల్గేరియా నాలుగవదైనది.

ఇదంతా మేటి ఆటగాండ్ర ప్రతిభయేగాని శిక్షకుని గొప్ప యేమని అడుగవచ్చును. ఆటగాండ్రు మేటివారే; సందేహం లేదు. కాని స్టోయిచ్కోవ్ వంటి ముక్కోపిని, అటువంటి మరి నలుగురిని ఒక్క త్రాట నడపడం సామాన్యమా? కఠినశాసనంతో బిగించకుండ, వారి స్వభావానికి చోటిచ్చి పెనెవ్ ఆ పని సాధించినాడని నా అభిప్రాయం.

1996లో ఇంగ్లండులో జరిగిన ఐరోపా పోటీలలో, వ్యాధి నుండి కోలుకొన్న లుబొస్లావ్ తిరిగి జట్టులో ఆడినాడు. రుమేనియాను గెలిచి, స్పెయినుతో సమానమై, ఫ్రాన్సు చేతిలో ఓడి బల్గేరియా వెనుదిరిగినది. పెనెవ్ పదవి విడిచినాడు. 1998 ప్రపంచకప్పులో ఆ దేశానికి మరల గెలుపు లేదు. అటుపిమ్మట 2022 వరకు ప్రవేశమే లభింపలేదు. ఆ పోటీల పట్టికలో బల్గేరియా పేర వ్రాయబడిన విజయములు మూడు - గ్రీసు, అర్జెంటీనా, జర్మనీ. మూడును పెనెవ్ నాటివే.