చుక్కల ముగ్గు: నియమజనిత అమూర్త కళాచరిత్రలో విస్మృత అధ్యాయం

1. ఉపోద్ఘాతం

దుమ్ముగూడెం మండలంలోని పర్ణశాలలో సీతవాగు రాళ్లమీద కనిపించే రంగుచారలను సీతమ్మ నారచీరలు ఆరవేసిన గుర్తులని చూపుతారు. ఆ చారలు ఏ వస్తువునూ పోలవు. అయినా వాటికొక కథ తోడైనందువల్ల యాత్రికుడు ఆగి చూస్తాడు. తెల్లవారుజామున వాకిట వేసే మెలికల ముగ్గుకు కూడా ఏ వస్తువుతోనూ పోలిక లేదు; దానికి తోడుగా కథ కూడా లేదు. మధ్యాహ్నానికి కాళ్ల కింద చెరిగిపోతుంది. కథ గానీ కర్త పేరు గానీ లేని అమూర్త రేఖను భద్రపరచాలంటే దేనిని సేకరించాలి? గీసిన బొమ్మనా, దానిని పుట్టించిన నియమాన్నా? నేటి కంప్యూటర్ కళా సంకలనకర్తలు ఎదుర్కొంటున్న ప్రశ్న కూడా ఇదే. ఈ రెండింటినీ కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నియమం నుంచి రూపం

కళాకారుడు రూపాన్ని నేరుగా గీయక, రూపాన్ని పుట్టించే నియమాలను ఏర్పరచి వాటిని అమలు చేయించే పద్ధతిని జెనరేటివ్ ఆర్ట్ అంటున్నారు. దీనిని నియమజనిత కళ అనవచ్చు. దీని చరిత్రను సాధారణంగా 1965తో మొదలుపెడతారు. ఆ ఏడాది జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో గియోర్గ్ నేస్, న్యూయార్క్‌లో మైకేల్ నోల్, బేలా యూలెస్ కంప్యూటర్ గీసిన చిత్రాలను ప్రదర్శించారు. అయితే హంగరీలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన వేరా మోల్నార్ 1959 నుంచే తనకు తాను నియమాలు విధించుకొని, చేతితోనే వాటిని అంచెలంచెలుగా అమలు చేసింది. ఆ పద్ధతికి 'ఊహాయంత్రం' అని పేరు పెట్టుకుంది. కంప్యూటర్ ఆమెకు 1968లో గానీ అందుబాటులోకి రాలేదు. కంప్యూటర్‌కు ముందు ఆమె చేసిన పనిని కూడా కళాచరిత్ర ఈ శాఖలోనే చేర్చింది. అంటే ఈ కళకు యంత్రం అనివార్యం కాదు, నియమం అనివార్యం. ఈ ప్రమాణాన్ని అంగీకరిస్తే చుక్కల ముగ్గును ఈ చరిత్ర వెలుపల ఉంచడానికి కారణం కనిపించదు.

3. చుక్కల లెక్క

ముగ్గుల పుస్తకాలలోనూ పత్రికలలోనూ బొమ్మ కింద "15 చుక్కలు, 8 వచ్చేవరకు సందు చుక్క" వంటి పంక్తి ఉంటుంది. నడిమి వరుసలో 15 చుక్కలు పెట్టి, ఇరువైపులా సందుల్లో ఒక్కొక్కటి తగ్గిస్తూ 8 వరకు వెళ్లాలని దాని అర్థం. మొత్తం 169 చుక్కలతో షట్కోణం ఏర్పడుతుంది. అదే "15 చుక్కలు, 15 వరుసలు" అంటే 225 చుక్కల చతురస్రం. నాలుగైదు మాటల్లో ఇంత నిర్మాణాన్ని ఇమిడ్చిన ఈ పంక్తి సంకేతలిపి వంటిది.

కాని ఆ పంక్తి చెప్పేది చుక్కల అమరికను మాత్రమే. మెలికల ముగ్గులో గీత చుక్కల చుట్టూ తిరగాలి, ఏ చుక్కనూ బయట విడవరాదు, బయలుదేరిన చోటికే చేరాలి. గీత ఎక్కడ మొదలై ఏ మలుపులో ఎటు తిరుగుతుందో పంక్తిలోనూ ఉండదు, పూర్తయిన బొమ్మలోనూ కనబడదు. గీతలు ప్రతి సందులోనూ ఒకదానినొకటి దాటేలా దీర్ఘచతురస్రపు చుక్కల చుట్టూ అల్లితే, 3 వరుసలు, 4 నిలువులకు ఒకే గీత సరిపోతుంది; 4 వరుసలు, 4 నిలువులకు నాలుగు వేర్వేరు గీతలు అవసరమవుతాయి. ఆ రెండు సంఖ్యల గరిష్ఠ సామాన్య భాజకం ఎంతో గీతలు కూడా అన్ని. అంగోలాలోని చోక్వే జనుల ఇసుక గీతలను అధ్యయనం చేసిన గణితవేత్త పౌలుస్ గెర్డెస్ రచనల్లో ఇదే సూత్రం కనిపిస్తుంది. ఎన్ని చుక్కలకు చేయి ఎత్తకుండా ముగ్గు పూర్తవుతుందో అనుభవంతో ఎరిగిన స్త్రీ ఈ నియమాన్ని మరో భాషలో ఎరిగినట్లే.

4. వ్యాకరణంగా ముగ్గు

ఈ జ్ఞానాన్ని కంప్యూటర్ శాస్త్రం గుర్తించకపోలేదు. మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ కలిసి 1974లో తమిళ కోలాలను ఆధారం చేసుకొని అర్రే వ్యాకరణాలపై పరిశోధనపత్రం ప్రకటించారు. వాక్యాన్ని వ్యాకరణ సూత్రాలు పుట్టించినట్లే, అడ్డునిలువు గళ్లలో అమరిన సంకేతాలను పునర్లేఖన సూత్రాలు పుట్టిస్తాయన్నది అందులోని భావన. అలా మన వాకిలి చిత్రం రూపభాషల సిద్ధాంతంలోకి ప్రవేశించింది. అయినా గమనించదగిన తేడా ఒకటుంది. సూత్రాన్ని రాసినవారికి రచయితలుగా పేరు దక్కింది. ముగ్గు వేసినవారిని 'సంప్రదాయం' అనే ఒక్క మాటలో కలిపివేయడం వాడుకైంది.

5. ఎంపికలో జారిపోయేవి

2020 నవంబరులో మొదలైన ఆర్ట్ బ్లాక్స్ అనే అంతర్జాల వేదిక కొన్ని రచనలను ఎంపిక చేసి ప్రత్యేక వర్గంలో ఉంచింది. 2021 నవంబరులో వచ్చిన ఎఫ్ఎక్స్‌హాష్ ఎవరైనా తమ ప్రోగ్రామును ప్రచురించుకొనే వీలు కల్పించింది. తలుపులు తెరవగానే రచనలు వెల్లువెత్తాయి. చూసే కన్నులు అదే నిష్పత్తిలో పెరగవు. ఒకే ప్రోగ్రాము వందలాది రూపాలను ఇస్తుంది. వాటిలో ఒక్క సూక్ష్మచిత్రాన్ని చూసి తీర్పు చెబితే, నిరాడంబరమైన రూపం వెనుక ఉన్న పటిష్ఠమైన నియమం కనబడదు. సంక్రాంతి ముగ్గుల పోటీలోనూ ఇదే జరుగుతుంది. రంగులు నింపిన నెమలి, తామర న్యాయనిర్ణేతను ఆకర్షిస్తాయి. తెల్లపిండితో ఒకే గీతగా సాగిన మెలిక వెనుకబడుతుంది. రెండు చోట్లా లోపం అభిరుచిది కాదు. ఫలితాన్ని చూసి ప్రక్రియను విడిచే పద్ధతిది.

6. దుమ్ముగూడెం నుంచి ఒక ప్రతిపాదన

దుమ్ముగూడెం సేకరణ చరిత్రకు కొత్త ప్రాంతం కాదు. ఇక్కడ పనిచేసిన మిషనరీ జాన్ కెయిన్ 1870లలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి ఇండియన్ యాంటిక్వరీలో రాశాడు. సేకర్త పేరు నిలిచి, చెప్పినవారి పేర్లు మరుగునపడడం ఆనాటి సేకరణల్లో తరచు కనిపించే లక్షణం. మనం చేసే సేకరణ దానిని పునరావృతం చేయకూడదు. ప్రతి ముగ్గుకు చుక్కల లెక్క, గీత మొదలైన చోటు, చేయి కదిలిన క్రమం, పొరపాటును సరిదిద్దిన తీరు, నేర్పినవారెవరన్నది నమోదు కావాలి. వేసినవారు సమ్మతిస్తే వారి పేరు కర్తగా ఉండాలి. కోయ, తెలుగు మాట్లాడేవారు కలిసి బతికే ఈ సీమలో ఒక్కొక్క రూపాన్ని ఎవరు ఏ మాటతో పిలుస్తారో ఆ మాటనే రాయాలి. తెలుగు పేరు తగిలించి అన్నింటినీ ఒకే గాటన కట్టరాదు.

7. ముగింపు

ముగ్గు చెరిగిపోవడం నష్టం కాదు; మర్నాడు మళ్లీ వేయగలిగినంతకాలం అది దాని స్వభావం. వేసే క్రమం తెలిసిన చేయి లేకపోవడమే నష్టం. అచ్చు అంటించిన ముగ్గు వాకిటి బొమ్మను నిలుపుతుంది గాని ఆ క్రమాన్ని నిలపదు. ఛాయాచిత్రాల సంపుటం కూడా అంతే. నియమజనిత కళలో విస్మృతమైనదాన్ని వెలికితీయడమంటే మరుగునపడిన బొమ్మలను ఏరుకోవడం మాత్రమే కాదు. ఆ బొమ్మను మళ్లీ పుట్టించగల జ్ఞానాన్ని, ఆ జ్ఞానం గలవారి పేరుతో సహా నమోదు చేయడం.