కొంగజపం

చెరువులో కొంగ మెడ ముడుచుకుని ఒంటికాలిమీద నిలబడితే నీళ్లు కూడా కదలవు. చేప అందేంత దగ్గరికి రాగానే జపం ముగుస్తుంది. సంస్కృతంలో ఇదే బకధ్యానం. తెలుగువాళ్లు కొంగకు దొంగను ప్రాసగా తగిలించి ‘దొంగజపం’ కూడా చేసుకున్నారు.

ఈ మాటతోపాటు గుర్తొచ్చేది పంచతంత్రం, మిత్రభేదంలోని ముసలి కొంగ. ఓపిక ఉడిగి, చెరువుగట్టున కన్నీళ్లు పెట్టుకుంటుంది. పన్నెండేళ్ల కరువు రాబోతోందని చేపల్ని నమ్మించి, వేరే మడుగుకు చేరుస్తానంటూ ఒక్కొక్కటే మోసుకుపోయి బండమీద తింటుంది. చివరికి ఎండ్రకాయ వంతు. బండ దగ్గర ముళ్ల కుప్ప చూసి, అది పట్టుకున్న మెడనే కత్తిరించేస్తుంది.

తమాషా ఏమిటంటే, కథలో కొంగ గెలిచింది మాటలతో. జాతీయానికెక్కింది మాత్రం దాని మౌనం. కథకంటే చెరువే ఈ మాటకు అసలు పుట్టిల్లేమో అని నా అనుమానం.

మహాబలిపురం కొండశిల్పంలో ఇదే వేషం పిల్లిది: చేతులెత్తి తపస్సు, చుట్టూ ఎలుకలు. మన ఇళ్లలో పుస్తకం ముందు పెట్టుకుని టీవీవైపు చెవి పారేసిన పిల్లాడిది. ‘ఏంట్రా ఆ కొంగజపం?’ అని వంటింట్లోంచే కేక.