కంట్లో మిగిలిపోయే లాగ్ ఫైలు

మా చిన్నాయనది వేంపల్లె. నాలుగేళ్ల కింద మే నెలలో చీనీ తోట నుంచి బండి మీద ఇంటికి బయల్దేరి, కల్వర్టు దగ్గర వంకలో పడిపోయాడు. రెండో రోజు సాయంత్రం దాకా ఎవరూ చూడలేదు. రక్తంలో ఆల్కహాల్ ఉందని రిపోర్టు వచ్చింది. తాగి నడిపాడు కాబట్టి ప్రమాద బీమా చెల్లదని కంపెనీ వాళ్లు ఒక్క పేరాలో ఉత్తరం పంపేశారు.

"ఆ పొద్దు ఆయన తాగలేదు నాయనా. తాగింటే నాకు తెల్దా?" అని చిన్నమ్మ నన్నడిగింది. ఇంట్లో ఇంజినీరు నేనొక్కడినే కాబట్టి నాకన్నీ తెలుసని ఆమె నమ్మకం. నాకేం తెలుసు? జావా తెలుసు, కొంచెం డేటాబేసులు తెలుసు. సరే అని చదవడం మొదలుపెట్టా. చదివి చదివి చివరికి కంట్లో తేలాను.

స్కూల్లో కన్ను బొమ్మ గీసి భాగాలు గుర్తించమంటే "కాచావత్ కక్ష" అని రాసి మార్కులు తెచ్చుకున్నాం, గుర్తుందా? కటకానికీ రెటీనాకీ మధ్య ఉండే జెల్లీ అది. అంతా కలిపితే నాలుగు మిల్లీలీటర్లు. దాదాపు 99 శాతం నీళ్లే. మిగతాది కొల్లాజెన్ పోగులూ, హయలురోనిక్ ఆమ్లమూ. ఇప్పుడు ఫేస్ క్రీముల ప్రకటనల్లో కనబడే ఆ ఆమ్లాన్ని మొదట వేరుచేసింది ఈ జెల్లీ నుంచే. 1934 లో అమెరికాలో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే ఇద్దరు ఆవుల కళ్ల నుంచి తీశారు.

ఈ జెల్లీ శవపరీక్షకు ఎందుకు పనికొస్తుందంటే, ఇది ఒక మూలన మూతేసిన డబ్బాలో ఉంటుంది. మనిషి పోయాక పేగుల్లోని సూక్ష్మజీవులు రక్తంలోకి పాకుతాయి. శరీరంలోని చక్కెరను పులియబెడతాయి. అంటే చుక్క ముట్టని మనిషి రక్తంలో కూడా ఆల్కహాల్ పుట్టొచ్చు! ఎండ ఎంత ఎక్కువైతే అంత త్వరగా. కంటి గుడ్డు దాకా ఆ సూక్ష్మజీవులు చేరడానికి చాలా ఆలస్యమవుతుంది. అందుకే కుళ్లిన శవం విషయంలో రక్తం చెప్పేదాన్ని కన్ను చెప్పేదానితో పోల్చి చూడాలంటారు. రక్తంలో ఉండి కంట్లో లేకపోతే, అది చచ్చాక పుట్టిన ఆల్కహాలేమోనని అనుమానించాలి. (తాగిన వెంటనే చనిపోయినా కంట్లోకి చేరే టైము ఉండదు. కాబట్టి ఇదొక్కటే చూసి తీర్పు చెప్పకూడదు.)

ఈ డబ్బాను తెరిచి చూసిన చరిత్ర మరీ పాతదేం కాదు. 1959 లో నౌమన్ అనే ఆయన చనిపోయినవాళ్ల కాచావత్ ద్రవంలో ఏమేం రసాయనాలున్నాయో కొలిచి ప్రచురించాడు. 1963 లో స్టర్నర్ అందులోని పొటాషియం మీద పడ్డాడు. బతికున్నంతకాలం కణాలు పొటాషియాన్ని లోపలే పట్టి ఉంచుతాయి. పోయాక ఆ పట్టు సడలి, రెటీనా నుంచి జెల్లీలోకి మెల్లగా కారుతుంది. కారిన లెక్కను బట్టి చనిపోయి ఎన్ని గంటలైందో చెప్పొచ్చని స్టర్నర్ ఒక ఫార్ములా ఇచ్చాడు. పొటాషియం విలువను 7.14 తో గుణించి, 39.1 తీసెయ్యాలి. 1969 లో జాన్ కో గ్లూకోజ్, యూరియా లాంటివి కూడా కొలిచాడు. పోయాక గ్లూకోజ్ పడిపోతుంది కాబట్టి, తక్కువ ఉంటే ఏమీ తేలదు. బాగా ఎక్కువ ఉంటే మాత్రం బతికుండగానే షుగర్ అదుపు తప్పిందని అర్థం.

అంతా బాగుంది కదా. కానీ 1989 లో జర్మనీలో మాడేయా బృందం అదే పని చేస్తే ఫార్ములా మారిపోయింది: 5.26 తో గుణించి, 30.9 తీసెయ్యాలట. పొటాషియం 10 అని ఇచ్చి చూడండి. స్టర్నర్ 32.3 గంటలంటాడు. మాడేయా 21.7 అంటాడు. ఇన్‌పుట్ ఒకటే, తేడా పదిన్నర గంటలు. శాంపిల్ సాయంత్రం ఆరింటికి తీశారనుకోండి. ఒక లెక్కలో మనిషి ముందురోజు పొద్దున పోయాడు, ఇంకో లెక్కలో ముందురోజు రాత్రి. హత్య కేసైతే ఒక నిర్దోషి ఇరుక్కోవడానికి ఆ తేడా చాలు.

పైగా ఎండ సంగతి. 1991 లో నార్వేలో రోగ్నమ్ బృందం వేర్వేరు ఉష్ణోగ్రతల్లో కొలిచి, వేడి పెరిగేకొద్దీ పొటాషియం వేగంగా పెరుగుతుందని తేల్చింది. వాళ్లు తీసుకున్న అత్యధిక ఉష్ణోగ్రత ఎంతో తెలుసా? 23 డిగ్రీలు! మా వేంపల్లెలో మే నెలలో 40 దాటుతుంది. చల్లటి దేశం ఫార్ములా తెచ్చి పాపాఘ్ని ఇసుక మీద పడున్న శవానికి వాడితే, నిన్న పోయినవాణ్ణి మొన్న పోయాడంటుంది. టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో నడిచిన కోడును ప్రొడక్షన్‌లో పెట్టి దండం పెట్టుకోవడం లాంటిదే ఇది.

ఇదంతా మనవాళ్లకు తెలియక కాదు. హైదరాబాదు నుంచి వెలువడిన కె.ఎస్. నారాయణ రెడ్డి గారి ఫోరెన్సిక్ మెడిసిన్ పుస్తకం దేశమంతా మెడికోలు చదివేదే. కాచావత్ ద్రవం సంగతి అందులోనూ ఉంది. కావలసింది ఒక సూది, సిరంజి, ఫ్లోరైడ్ వేసిన చిన్న సీసా.

మా చిన్నాయన దగ్గర అది తియ్యలేదు. అంటే లాగ్ ఫైలు ఉండగానే సర్వర్ తగలబెట్టేశాం. ఆ పొద్దు ఆయన తాగలేదని నేను ప్రమాణం చెయ్యలేను. తాగాడని ఆ కంపెనీ కూడా అంత ధీమాగా చెప్పలేదు. కానీ వాళ్ల మాట కాగితం మీద ఉంది, చిన్నమ్మ మాట నోటి మీద ఉంది.

ఇలాంటి రోజు ఎవరికీ రాకూడదు. వస్తే మాత్రం, ఏడుపు మధ్యలోనైనా సరే, దర్యాప్తు చేసే ఎస్సైనో డాక్టరునో ఒక్క మాట అడగండి: "సార్, కంట్లో నీళ్లు కూడా తీసి పంపిస్తారా?" అని. నాకు ఆ రోజు అడగడం తెలియలేదు.