ఉక్కులోని పగులు – విద్యుత్పరీక్ష



నా బాల్యమున పుంగనూరులో మా వీధికొసను ఒక కమ్మరి కొలిమి యుండెను. బండిచక్రమునకు ఇనుప పట్టా నెక్కించిన పిమ్మట ఆ కమ్మరి దానిని సుత్తితో మెల్లగా తట్టి, చెవియొగ్గి వినెడివాడు. ఖంగుమన్నచో బండి సంతకు సాగును; బొంగురుగా మ్రోగినచో పట్టా మరల కొలిమి కెక్కును. కుప్పము స్టేషనులో రైలుపెట్టెల చక్రములను గూడ పొడుగుపిడి సుత్తితో అట్లే తట్టి వినుట చూచితిని. జోలారుపేటనుండి కుప్పము మీదుగా బెంగుళూరునకు 1864లో రైలుమార్గము పడినది. నాటినుండి ఎందరి ప్రాణములో ఆ కమ్ములను నమ్ముకొని ప్రయాణించినవి.

అయితే చెవికి చిక్కని పగులును గలదు. 1911 ఆగస్టు 25వ తేదీన అమెరికాలో, న్యూయార్కు రాష్ట్రమందలి మాంచెస్టరు వద్ద ఒక రైలుకమ్మి విరిగి బండి పడిపోయెను. 25 మందికి పైగా మరణించిరి. ఆ కమ్మి లోపల అడ్డపగులు పెరిగియుండెను. కాగిన ఉక్కుదిమ్మెను రోలర్ల నడుమ నొత్తి కమ్మిగా సాగదీసిన పిమ్మట, అది చల్లారునపుడు లోన చిక్కిన హైడ్రోజను వాయువు సన్నని బీటలు పుట్టించుననియు, బండ్ల బరువునకు అవి పెరుగుననియు తరువాత తెలియవచ్చెను.

కోయకుండ కమ్మి లోపలి సంగతి తెలియు టెట్లు? మదనపల్లె కళాశాలలో చదువుకొన్నపుడు దీనికి దారి గ్రహించితిని. కాలువలో బండరాయి అడ్డుపడినచో దానికి ఎగువను నీరు మట్ట మెక్కును. అట్లే ఉక్కులో పగులున్నచో విద్యుత్తు ఇరుకుదారిని పోవలసి వచ్చును, నిరోధము హెచ్చును. నిరోధమును కొలుచు సాధనమును 1843లో వీట్‌స్టన్ పండితుడు ప్రచారమునకు తెచ్చెను. లాగిన ఇనుపతీగ నిరోధము మారునని 1856లో విలియం థామ్సన్ చూపెను. ఆయనయే పిమ్మట కెల్విన్ ప్రభువు.

పని మాత్రము సులభము కాదు. గజము పొడవు రైలుకమ్మి నిరోధము ఒక ఓములో లక్షవంతులు చేసిన, సుమారు మూడువంతులే. తీగ ఆనినచోట నుండు త్రుప్పు నిరోధము అంతకంటె మిక్కిలి హెచ్చు. అందుచేత విద్యుత్తును పంపుటకు రెండు తీగలు, కొలుచుటకు వేరే రెండు తీగలు తగిలింతురు. ఇక వేడిమి సంగతి: డిగ్రీకి నూటికి సుమారు అరవంతు నిరోధము పెరుగును. మదనపల్లె వేకువచలికిని మధ్యాహ్నపు టెండకును 20 డిగ్రీల భేదమున్నచో, మంచి కమ్మియే నూటికి పదివంతులు మారినట్లు కనబడును. చిన్నపగులు చేయు మార్పు అందులో మునిగిపోవును.

ఎల్మర్ స్పెర్రీ అను అమెరికా యంత్రశిల్పి మొదట ఈ మార్గమునే త్రొక్కి, త్రుప్పువలన చిక్కుపడెను. పిమ్మట కమ్మిలోనికి విద్యుత్తును పంపి, పగులున్నచోట చెదరు అయస్కాంతశక్తిని పట్టు తనిఖీబండిని 1928లో నడిపించెను. నేడు మన రైలుమార్గములలో చెవికి వినరాని ధ్వనితరంగములతో కమ్ములను పరీక్షించుచున్నారు. నిరోధపు కొలత పరిశోధనశాలలలో, ఉక్కుముక్కలో పగులు పెరుగు తీరును కనిపెట్టుటకు నిలిచియున్నది.

ఈ చరిత్రవలన నేను గ్రహించిన దొక్కటి. ఒంటి అంకె ఏమియు చెప్పదు. అదే ఉక్కును, అదే వేడిమిలో, నిన్నటి కొలతతో పోల్చినపుడే అది పలుకును. మా కమ్మరియు గట్టిపట్టా మ్రోతను ముందుగా ఎరిగియుండుటచేతనే బీటలువారిన దానిని పట్టెను. మంచిది తెలియనివానికి చెడు పట్టుబడదు.