నత్రజని-ఖాళీ కేంద్రం (వజ్రం)

నత్రజని-ఖాళీ కేంద్రం అనగా వజ్రపు స్ఫటికంలో ఒక కర్బన పరమాణువు స్థానంలో నత్రజని పరమాణువు చేరి, దానిని ఆనుకొని ఉన్న మరొక కర్బన స్థానం ఖాళీగా ఉండే లోపం. ఆకుపచ్చ కాంతి పడినపుడు ఇది ఎర్రని కాంతిని వెలువరిస్తుంది. ఇటువంటి ఒకే ఒక కేంద్రం నుండి వచ్చే కాంతిని 1997లో జర్మనీలో గుర్తించారు. దీని శక్తి స్థితులను క్వాంటం యాంత్రిక శాస్త్రం ఆధారంగా కంప్యూటరుతో లెక్కిస్తారు.

నిర్మాణం

ఖాళీ స్థానం చుట్టూ మూడు కర్బన పరమాణువులు, ఒక నత్రజని పరమాణువు ఉంటాయి. కర్బనాల నుండి మూడు, నత్రజని నుండి రెండు, బయటి నుండి గ్రహించినది ఒకటి - వెరసి ఆరు ఎలక్ట్రానులు ఈ ఋణావేశ కేంద్రంలో పాల్గొంటాయి. వజ్రపు శక్తి అంతరం సుమారు 5.5 ఎలక్ట్రాన్ వోల్టులు. కాంతినిచ్చే స్థితులు ఈ అంతరంలోనే ఉండటం వలన లోపం ఒంటరి అణువు వలె ప్రవర్తిస్తుంది.

సౌష్ఠవం

నత్రజని, ఖాళీ స్థానాలను కలిపే అక్షం చుట్టూ 120 డిగ్రీలు తిప్పినా ఈ నిర్మాణం మారదు. అందువలన నాలుగు ఎలక్ట్రానులు దిగువ స్థాయిలను నింపగా, మిగిలిన రెండు సమాన శక్తి గల జంట స్థాయిలలో ఒకే దిశ స్పిన్‌తో ఉంటాయి. ఇదే త్రిక భూస్థితి. ఇటువంటి నిర్ణయాలకు సమూహ సిద్ధాంతం ఆధారం. ఈ విషయంపై సూరి భగవంతం, టి. వెంకటరాయుడు రచించిన గ్రంథాన్ని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1948లో ప్రచురించింది. భగవంతం 1930లోనే వజ్రపు రామన్ వర్ణపటంపై పరిశోధనా పత్రం వెలువరించారు.

గణన విధానం

సాంద్రతా ఫంక్షనల్ సిద్ధాంతంలో సాధారణంగా 512 పరమాణు స్థానాల వజ్రపు ముక్కను తీసుకొని, అందులో లోపాన్ని ఉంచి, పరమాణువులపై బలాలు దాదాపు శూన్యమయ్యే వరకు వాటిని సర్దుతారు. తరువాత ఒక ఎలక్ట్రానును పై స్థాయికి చేర్చి మరల సర్దుతారు. ఈ రెండు మొత్తం శక్తుల తేడాయే వెలువడే కాంతి శక్తి. ప్రయోగంలో దీని విలువ 1.945 ఎలక్ట్రాన్ వోల్టులు, అనగా 637 నానోమీటర్లు. సరళమైన ఫంక్షనళ్ళు వజ్రపు శక్తి అంతరాన్ని తక్కువగా చూపుతాయి. మిశ్రమ ఫంక్షనళ్ళతో వచ్చే ఫలితం ప్రయోగానికి చాలా దగ్గరగా ఉంటుంది.

పరిమితులు

త్రిక స్థితుల నడుమ ఏక స్థితులు కూడా ఉన్నాయి. ఇవి ఎర్రని కాంతినివ్వవు. వీటి మధ్య 1042 నానోమీటర్ల బలహీన పరారుణ కాంతి మాత్రమే వెలువడుతుంది. వీటిని ఎలక్ట్రానుల ఒకే అమరికతో వర్ణించలేము. పలు అమరికలను కలిపి లెక్కించవలసి ఉంటుంది. ఈ స్థితులను విస్మరించడానికి వీలు లేదు. కొన్ని స్పిన్ స్థితుల నుండి ఎలక్ట్రాను ఈ దారిన దిగడం వలన కాంతి తగ్గుతుంది. ఆ తగ్గుదలను బట్టే గది ఉష్ణోగ్రత వద్ద సైతం స్పిన్‌ను చదివి, అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తారు.

గోల్కొండ వజ్రాలు

లింగంపల్లికి ఆగ్నేయంగా ఉన్న గోల్కొండ వజ్రాల వ్యాపారానికి ప్రసిద్ధి చెందింది. గనులు మాత్రం కృష్ణా తీరంలోని కొల్లూరు వంటి చోట్ల ఉండేవి. కోహినూరు వంటి గోల్కొండ వజ్రాలలో నత్రజని దాదాపు ఉండదు. నేడు ప్రయోగశాలలలో అంతటి స్వచ్ఛమైన వజ్రాన్ని పెంచి, అందులోకి నత్రజని అయానులను పంపి, వేడి చేసి ఈ కేంద్రాలను తయారుచేస్తారు.

ఇవి కూడా చూడండి

- వజ్రం
- సూరి భగవంతం
- రామన్ ఎఫెక్ట్
- కొల్లూరు గని