తోటలు లేని భగాయత్

హైదరాబాదులోని ఉప్పల్ ఒక్క ఊరు కాదు. రెవెన్యూ కాగితాల్లో ఉప్పల్ కలాన్, ఉప్పల్ ఖాల్సా, ఉప్పల్ భగాయత్ అని మూడు కనిపిస్తాయి. కలాన్ అంటే పెద్దది. ఖాల్సా అంటే జాగీర్దారుకు కాక నేరుగా సర్కారుకే శిస్తు కట్టేది. భగాయత్ అంటే తోటల నేల. ఫార్సీ ‘బాగ్’ నుంచి వచ్చిన మాట. మొదటి రెండూ దఫ్తరు పెట్టిన పేర్లు. మూడోది నేలను చూసి పెట్టిన పేరు. అదే ముందు అబద్ధమైంది.

ఎగువన నల్లరాతి గుట్టలు, దిగువన మూసీ తెచ్చి పోసిన ఒండ్రు. నదికి అడ్డంగా కత్వ కట్టి, కాలువ మళ్లించుకుంటే చాలు, మడి తడిసేది. 1908 సెప్టెంబరు 28న అదే మూసీ హైదరాబాదు మీద పడి వేల ప్రాణాలు తీసింది. మళ్లీ అలాంటి రోజు రాకూడదని ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. నగరానికి ప్రాణభయం తగ్గింది, తాగే నీళ్లూ దొరికాయి. కిందనున్న రైతు వాటాకు మాత్రం రానురాను నగరం వాడి వదిలేసిన నీళ్లే మిగిలాయి. ఇందులో ఎవర్ని తిట్టాలో నాకైతే తోచదు.

పక్కనున్న నాచారం వైపు పొలాలు ఫ్యాక్టరీ షెడ్లకు పోతున్నా, ఏటి ఒడ్డు రైతు మడి వదల్లేదు. మురుగుకు తగ్గ పంట వెతుక్కున్నాడు: పచ్చగడ్డి. ఎండాకాలమైనా ఎండదు, కోసిన కొద్దీ మొలుస్తుంది. నురగ తేలే నల్లటి నీళ్లలో మడమలు మునిగేలా నిలబడి కొడవలితో కోసి, మోపు కట్టి, నీళ్లు కారుతుండగానే నెత్తికెత్తుకునేవాళ్లు. సాయంత్రానికి కాళ్లు దురద. మోపులు పట్నంలోని గేదెల కొట్టాలకు చేరేవి. నగరం వదిలిన మురుగు గడ్డిగా మొలిచి, పాలుగా మారి, మళ్లీ నగరపు చాయ్ గ్లాసులోకే పోయేది. ఆ సంగతి తాగేవాళ్లకు పట్టలేదు.

2005లో నగరాభివృద్ధి సంస్థ హుడా ఇక్కడ భూసేకరణకు దిగింది. సుమారు 730 ఎకరాలు. ఎకరమంటే 4,840 గజాలు. బదులుగా రైతుకు ఒప్పుకున్నది ఎకరానికి వెయ్యి గజాల ప్లాటు. అదైనా చేతికి రావడానికి ఏళ్లు పట్టింది. మడి పోయింది, ప్లాటు రాలేదు. ఆ మధ్యకాలం ఎలా గడిచిందో ఏ లేఅవుట్ పటంలోనూ గీయరు. 2007లో ఉప్పల్ మున్సిపాలిటీ జీహెచ్ఎంసీలో కలిసిపోయింది. తీసుకున్న భూమిలో నూరెకరాలకు పైగా మెట్రో డిపోకు వెళ్లింది. 2017 నవంబరులో నాగోల్ నుంచి రైలు కదిలింది. నేనూ ఎక్కుతాను, ఎండలో బస్సుకోసం నిలబడే బాధ తప్పింది. కిటికీలోంచి వరసగా పట్టాలు, బోగీలు కనిపిస్తాయి. గడ్డి మళ్లు ఎక్కడుండేవో పక్కసీటు పిల్లవాడికి చూపిద్దామంటే వేలు ఎటు పెట్టాలో తెలియదు.

మిగిలిన ప్లాట్లను హుడా స్థానంలో వచ్చిన హెచ్ఎండీఏ వేలం వేసింది. 2021 డిసెంబరులో గజం గరిష్ఠ ధర లక్ష దాటింది. ఆ లేఅవుట్‌కు కొత్త పేరు పెట్టలేదు. ఇప్పటికీ ఉప్పల్ భగాయత్ అనే అంటారు.