మీ మణుగెంత, మీ ఇంట్ ఎంత?

మెట్రిక్ తూకాలు రాకముందు మణుగు అన్న మాట ఒకటే, బరువు మాత్రం చోటుచోటుకీ వేరు. మద్రాసు మణుగు 25 పౌన్లు, అంటే దాదాపు 11.3 కిలోలు. బెంగాల్ మణుగు 37 కిలోల పైమాటే. హిందూపురంలో బెల్లం కొని అక్కడే అమ్మేవాడికి ఈ తేడాతో ఏం పని? సరుకు రైలెక్కి దూరం పోయేటప్పుడే "మీ మణుగెంత?" అని అడగాల్సి వస్తుంది. సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో పూర్ణాంకాలు పట్టే ఇంట్ టైపు కథా ఇంతే. దాని సైజు ఖాయం చేయకపోవడం భాషను చేసినవాళ్ళ మతిమరుపని చాలామంది అంటారు. నాకు అలా తోచదు. లెక్క మెషీన్ లోపల పుట్టి లోపలే ముగిసినంత కాలం వదులు కొలతే మేలు. అంకె గడప దాటే చోట మాత్రం బిట్లు లెక్కపెట్టి చెప్పక తప్పదు. ఆ గడప కోసం పుట్టినవే ఇంట్16, ఇంట్32 లాంటి టైపులు. వాటిని ఇల్లంతా పరిచేస్తే చాలు, ప్రోగ్రామ్ ఎక్కడైనా నడుస్తుందనుకోవడం పొరపాటు.

డెన్నిస్ రిచీ 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో సీని మలిచింది పీడీపీ-11 మీద. ఆ మెషీన్ ఒక్క విడతలో పట్టే వర్డు 16 బిట్లు, అందుకే ఇంట్ కూడా 16. అంతకు మించి ఖాయం చేసి ఉంటే ప్రతి కూడికా రెండు విడతల పనయ్యేది. 1978లో కెర్నిగన్, రిచీ రాసిన పుస్తకంలోనే ఒక చిన్న పట్టిక ఉంది: ఇంట్ పీడీపీ-11లో 16 బిట్లు, హనీవెల్ 6000లో 36, ఐబీఎం 370లోనూ ఇంటర్‌డేటా 8/32లోనూ 32. హనీవెల్‌లో ఒక అక్షరం పట్టే చార్ కూడా 8 కాదు, 9. ఈ పట్టిక చూశాక మతిమరుపన్న మాట నిలవదు. 1989 నాటి సీ స్టాండర్డ్ కూడా కనీసాలే చెప్పింది, ఇంట్ 16కు, ఇంకా పెద్ద అంకెల కోసం పెట్టిన లాంగ్ 32కు తగ్గకూడదని. ఈలోగా ఫైళ్ళూ నెట్‌వర్కులూ పెరిగి, అంకెలు మెషీన్ మారడం రోజువారీ పనైంది. ఎవరి గడపకు వాళ్ళు పేర్లు పెట్టుకున్నారు: లైనక్స్ కెర్నల్‌లో యూ32, విండోస్‌లో డీవర్డ్. 64 బిట్ల మెషీన్లు వచ్చాక యూనిక్స్ జాతిలో లాంగ్ 64 అయింది, విండోస్‌లో 32 దగ్గరే ఆగింది. ఈ గందరగోళానికి 1999 స్టాండర్డ్ ఎస్‌టీడీఇంట్ అనే హెడర్ ఫైలుతో ఒకే పేర్ల వరస పెట్టింది.

గడప సంగతి ధర్మవరం మగ్గాల దగ్గర బాగా తెలుస్తుంది. మగ్గం మీద డిజైను నేసే 240 హుక్కుల జకార్డు పెట్టెకు కొట్టించిన అట్టలు 120 హుక్కుల పెట్టెకు పనికిరావు. అట్ట మీద రంధ్రాల లెక్క తప్పితే అంచులో పువ్వు రాదు. ఇక పెనుకొండ వైపు చూడండి. అక్కడి ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ నుంచి సెల్టోస్ కార్లు 2019లో రావడం మొదలైంది. అవే కాదు, ఈ కాలపు పెట్రోలు, డీజిలు కారు ఏదైనా సరే, స్టీరింగ్ కింద స్కానర్ తగిలించే సాకెట్ ఉంటుంది. ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందని స్కానర్ అడిగితే జవాబుగా రెండు బైట్లు వస్తాయి. మొదటిదాన్ని 256తో గుణించి, రెండోది కలిపి, 4తో భాగించాలి. 26, 248 వచ్చాయనుకోండి: 6,904లో నాలుగో వంతు 1,726, నిమిషానికి అన్ని చుట్లు. ఈ లెక్కను 16 బిట్ల చిప్‌లో చేద్దాం. మొదటి బైటును బుద్ధిగా, మైనస్ అంకెలు లేని 8 బిట్ల టైపు యూఇంట్8 అనే ప్రకటించాం. అయినా గుణించే ముందు సీ దాన్ని ఇంట్‌గా మార్చేస్తుంది. అందులో పట్టేది 32,767 వరకే. మొదటి బైటు 128 అయితే గుణకారం 32,768, ఒక్కటి ఎక్కువ! అయితే బైటు 128కి చేరాలంటే ఇంజిన్ 8,192 చుట్లు తిరగాలి. మామూలు కారు అందాకా పోదు. తప్పు ఏళ్ళ తరబడి కోడ్‌లో నిద్రపోతుంది. గుణించే ముందే యూఇంట్16గా మార్చుకోవడమే మందు. పెద్ద మెషీన్‌కు పోతే బాధ తీరిందా అంటే అదీ లేదు. అక్కడ రెండు యూఇంట్16లు 32 బిట్ల ఇంట్‌లుగా మారి గుణకారమవుతాయి. 65,535ను 65,535తో గుణిస్తే వచ్చే 429 కోట్లు, 214 కోట్లే పట్టే ఇంట్‌లో ఎక్కడ ఇముడుతాయి?

కార్ల సాఫ్ట్‌వేర్‌కు నియమాలు రాసిన మిస్రా 1998 నుంచీ సైజు చెప్పే పేర్లే వాడమంటోంది కదా అని అడగొచ్చు. న్యాయమే. కారులో ఎన్నో చిప్‌లు వైర్ల మీద మాట్లాడుకుంటాయి. ఇల్లు చిన్నది, గడపలు ఎక్కువ. అయినా మిస్రా ఆ సలహాతో ఆగలేదు, టైపులు తమంతట తాము మారే తీరు మీద విడిగా కట్టుబాట్లు పెట్టింది. జావా 1995లోనే ఇంట్ అంటే 32 అని తేల్చేసింది, సీకేం రోగం అనేవాళ్ళూ ఉన్నారు. జావా తన కింద ఒక ఊహా మెషీన్ పరుచుకుంది, సీ నేరుగా చిప్ మీద కూచోవాలి. మోటార్లను నడిపే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సీ28ఎక్స్ చిప్‌లలో చార్ అంటేనే 16 బిట్లు. అక్కడ అసలైన యూఇంట్8కు చోటే లేదు. అందుకే 1999 స్టాండర్డ్ ఖాయం సైజు టైపులను వీలున్న చోటికే వదిలి, కనీసం ఇన్ని బిట్లు అని చెప్పే లీస్ట్ టైపులను తప్పనిసరి చేసింది. దీన్ని లోపమనేవాళ్ళు ఒకటి చూడాలి: యూఇంట్8 వాడిన కోడ్‌ను ఆ చిప్‌కు కంపైల్ చేయబోతే, ఆ పేరే తెలియదని కంపైలర్ అక్కడే ఆపేస్తుంది. పాత అన్‌సైన్డ్ చార్ వాడి ఉంటే కంపైలర్ కిక్కురుమనదు. 255కు ఒకటి కలిపితే సున్నా అవుతుందని నమ్మిన చెక్‌సమ్‌లో, అంటే డేటా చెడలేదని సరిచూసే మొత్తంలో, 256 వచ్చి కూచుంటుంది.